పేటిక ఇక్కడి నుంచి కదలదు

టియెసా వీధికి అడ్డంగా నీలం టెంటు వేసి, దాని కింద అక్క శవపేటికను పెట్టి, ఇక అటు నుంచి ఇటు ఒక్క బండిని కూడా పోనివ్వనని డెల్ఫా తెగేసి చెప్పిన దగ్గర పోయిన వారం ఆగాం. పెద్ద రోడ్డు మీద వంతెన పని మొదలైనప్పటి నుంచి ఇలోయిలో నగరంలోకి వెళ్ళే బళ్ళన్నీ ఊరి చివరి ఈ ఇరుకు వీధిలోంచి అడ్డదారి పట్టాయి. ముందు కోళ్ళు పోయాయి, తర్వాత కుక్కలు పోయాయి, ఆ తర్వాత ఒక బడిపిల్ల కాలు విరిగింది. చివరికి ఒక వానపూట, మలుపు దగ్గర అరటిపళ్ళు పుల్లకి గుచ్చి పంచదార పాకంలో వేయించి అమ్ముకునే ఇసింగ్, పొయ్యి తడిసిపోతోందని ప్లాస్టిక్ పట్టా తీసుకుని రోడ్డు దాటబోయింది. ఒక తెల్ల బండి ఆమెను గుద్ది, ఆగకుండా పోయింది. ఆ కుండపోతలో బయట ఎవరూ లేరు. ఎదురింటి ముసలమ్మ కిటికీలోంచి చూసింది కానీ, ఆమె కళ్ళకు తెల్లరంగు తప్ప ఇంకేమీ ఆనలేదు.

డెల్ఫా ఇసింగ్‌కి ఒక్కగానొక్క చెల్లెలు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికే మనిషి. ఆమెకు పెద్ద చదువు లేదు, వెనక పెద్దవాళ్ళు లేరు. కానీ ఒక్క సంగతి మాత్రం బాగా తెలుసు. ఆ ఊళ్ళో రోడ్డు మీద పందిరి వేసి పెళ్ళి చేస్తే పోలీసులు తీయించగలరు. సమాధి చేసేదాకా రాత్రింబవళ్ళు కాచుకునే శవ జాగారం టెంటు మీద చెయ్యి వేసే ధైర్యం మాత్రం ఎవడికీ లేదు.

ఆ ఉదయం ఒక బూడిదరంగు కారు టెంటు దాకా వచ్చి ఆగి, ఆపకుండా హారన్ కొట్టింది. ముందు వరుస కుర్చీల్లో జపమాల తిప్పుతున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. పేక ఆడుతూ జాగారం చేస్తున్న మగవాళ్ళు ముక్కలు బోర్లా పెట్టారు. డెల్ఫా కాఫీ కెటిల్ పక్కన పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుంటూ కారు దగ్గరికి నడిచింది.

డ్రైవరు కుర్రాడే. నల్ల కళ్ళద్దాలు, చేతికి మెరిసే గడియారం.

"ఇంకెన్నాళ్ళమ్మా ఈ తతంగం? రోజూ ఊరంతా చుట్టి పోవాల్సి వస్తోంది. నాకు ఆఫీసుంది," అన్నాడు అద్దం సగం దించి.

"మా అక్కకీ పనుండేది నాయనా. అరటిపళ్ళు వేయించే పని," అంది డెల్ఫా. "దిగు."

"ఏంటి?"

"దిగమంటున్నాను. చావింటి ముందుకొచ్చి హారన్ కొట్టావు. లోపలికొచ్చి ముఖం చూసి పో. మీ అమ్మ నీకు ఆ మాత్రం నేర్పలేదా?"

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. పేక ముక్కలు బోర్లా పెట్టిన మగవాళ్ళలో ఇద్దరు అప్పటికే లేచి నిలబడ్డారు. కారు దిగాడు. కళ్ళద్దాలు తీసి పేటిక దగ్గరికి వెళ్ళాడు. గాజు పలక కింద ఇసింగ్ ముఖం పౌడరు పూతలో ఎవరిదోలా ఉంది. మూత మీద ఒక కోడిపిల్ల బియ్యపు గింజలు ఏరుకుంటోంది. అన్యాయంగా పోయినవాళ్ళ పేటిక మీద కోడిపిల్లని వదలడం అక్కడి ఆనవాయితీ. అది ముక్కుతో పొడిచినప్పుడల్లా చంపినవాడి గుండెలో పొడిచినట్టేనంటారు. కుర్రాడు దాన్ని చూసి గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఒకావిడ అతని చేతిలో బిస్కెట్టు పెట్టింది. వద్దనలేక పుచ్చుకున్నాడు.

"ఇక పో," అంది డెల్ఫా. "చావింటి నుంచి తిన్నగా ఇంటికి పోకూడదు, తెలుసుగా? దారిలో ఎక్కడైనా ఆగి పో. ఎలాగూ మీకెవరికీ ఆగడం రాదు. ఇవాళ నేర్చుకో."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కారు వెనక్కి వెనక్కి, తాబేలులా పోయింది. డెల్ఫా మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళూ వీళ్ళు ఇలా మెల్లగా పోలేక కాదు కదా అనుకుంటే ఆమె ఒళ్ళు మండిపోయింది. పోవచ్చు. పోగలరు. మా ప్రాణాలకి ఆ మాత్రం విలువ లేదనుకున్నారు, అంతే.

ఆ మంట చల్లారకముందే జోరలిన్ వచ్చింది.

జోరలిన్ ఇసింగ్ కూతురు. మనీలాలో రొట్టెల దుకాణంలో పని. కబురు అందగానే ఓడెక్కి వచ్చింది. వచ్చినప్పటి నుంచి పెద్దగా మాట్లాడలేదు, ఏడవలేదు. ఇప్పుడు చర్చి వైపు నుంచి ఎండలో నడిచి వచ్చి, పిన్ని ఎదురుగా నిలబడింది.

"ఫాదరుతో మాట్లాడాను. రేపు పొద్దున పూజ. తర్వాత సమాధికి తీసుకెళ్ళిపోతాం."

డెల్ఫా చేతిలోని కప్పు బల్ల మీద పెట్టింది. "ఎవరినడిగి మాట్లాడావు?"

"మా అమ్మకి నేను ఎవరినడగాలి పిన్నీ?"

"రేపు తీసుకెళ్ళిపోతే ఎల్లుండి ఈ టెంటు లేచిపోతుంది. ఎల్లుండి సాయంత్రానికి మళ్ళీ బళ్ళు. అవతలి వారానికి ఇంకో పేటిక. రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ పడేదాకా మీ అమ్మ ఇక్కడి నుంచి కదలదు."

"అమ్మ ముఖం చూశావా నువ్వు?" జోరలిన్ గొంతు ఒక్కసారిగా లేచింది. "రంగు మారిపోతోంది. నిన్న పేటిక దుకాణం వాళ్ళు మళ్ళీ వచ్చి, ఒళ్ళు పాడవకుండా మందెక్కించి, మళ్ళీ పౌడరు పూసి పోయారు. బజారుకి వెళ్ళాలన్నా జుట్టు దువ్వుకోకుండా గడప దాటని మనిషి! ఇప్పుడు దారిన పోయే ప్రతివాడినీ కారు దింపి మరీ చూపిస్తున్నావు. అక్కనుకుంటున్నావా, రోడ్డుకి అడ్డం పెట్టిన గేటనుకుంటున్నావా?"

టెంటు కింద జపం ఆగిపోయింది.

డెల్ఫాకి చెంప మీద కొట్టినట్టయింది. ఆ దెబ్బకి మాట ఇంకా పెడసరంగా వచ్చింది. "నువ్వు మనీలాలో రొట్టెలు కాల్చుకుంటున్నావమ్మా. ఇక్కడ ఆ వానలో రోడ్డు మీద దాన్ని ఒళ్ళోకి ఎత్తుకున్నది నేను. ఒక చెప్పు కాలికుంది, రెండోది మురిక్కాలవలో దొరికింది. నాకు చెప్పకు గేటని."

"చెప్తాను! ఎత్తుకున్నావు కాబట్టి నీ సొంతమైపోయిందా? నీకు అమ్మ కోసం ఏడుపు రావట్లేదు పిన్నీ, కోపం వస్తోంది. నీ కోపానికి మా అమ్మని కూర్చోబెట్టావు ఇక్కడ."

అది నిజం కాదని డెల్ఫా చెప్పడానికి లేదు. కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు ఆమె దగ్గర. అది కూడా పోతే అక్క నిజంగానే చచ్చిపోయినట్టు అవుతుందని ఈ పిల్లకి ఎలా చెప్పాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే కెప్టెన్ ఎవెలియో వచ్చాడు.

బరంగాయ్ కెప్టెన్ అంటే ఆ పేటకి ఎన్నికైన పెద్ద. ఎవెలియో భారీ మనిషి, ఇస్త్రీ చొక్కా, నెత్తిన టోపీ. వెనక ముగ్గురు పేట కాపలావాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు పిడ్యోంగ్, ఇసింగ్ దగ్గర రోజూ సాయంత్రం అరటిపళ్ళు తినే మనిషి, లోపలికి రాకుండా టెంటు గుంజ పక్కనే నిలబడిపోయాడు.

"డెల్ఫా, చూడమ్మా," అన్నాడు కెప్టెన్ కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నీ బాధ నాకు తెలీదా? నేనూ ఇసింగ్ చేతి అరటిపండు తిన్నవాణ్ణే. కానీ మేయరు ఆఫీసు నుంచి రోజుకో ఫోను. ఇది నగరం రోడ్డు. ఇంజనీరు అనుమతి లేకుండా స్పీడ్ బ్రేకర్ వేయడానికి లేదు. అనుమతి కోసం పైకి పంపాను. వస్తుంది."

"ఎప్పుడు పంపావు?"

"పంపాను."

"పోయిన ఏడాది అనుమతి ఎవరిచ్చారు మరి? మలుపు దగ్గర మేమే సిమెంటు పోసి వేసుకున్నాం కదా. అదుంటే మా అక్క ఇవాళ పొయ్యి దగ్గర ఉండేది. దాన్ని తవ్వించింది నువ్వే కదా కెప్టెన్?"

"నేనే," అన్నాడు ఎవెలియో. ముఖంలో మెత్తదనం పోయింది. "అందరి ముందూ నన్ను దొంగని చేస్తున్నావు కాబట్టి చెప్తున్నాను. నాకేమైనా సరదానా తవ్వించడానికి? మీ వీధివాళ్ళే వచ్చి మా అరుగు మీద కూర్చుని, తీయించేదాకా లేచేది లేదన్నారు. ఎవరో అడుగు. ఇక్కడే ఉన్నాడు, పొద్దుటి నుంచి నీ కాఫీ తాగుతూ."

కెప్టెన్ చూపు వెంట అందరి చూపులూ పేకాట బల్ల వైపు తిరిగాయి. అక్కడ కూర్చున్నది సీమో, మోటారు ట్రైసికిళ్ళు నడిపేవాళ్ళకి పెద్ద. టెంటు గుంజలు పాతింది అతనే. పేటికకి భుజం పట్టిందీ అతనే. చేతిలో ముక్కలు అలాగే పట్టుకుని తల వంచుకున్నాడు.

"సీమో అన్నా," అంది డెల్ఫా. "ఏమంటున్నాడు ఈయన?"

సీమో లేచాడు. "నిజమే చెల్లీ."

ఎవరో ఆడమనిషి "ఓరి దేవుడా" అంది.

"బళ్ళు పాడైపోతున్నాయని అందరూ గోల పెట్టారు. ఇరుసులు విరుగుతున్నాయి, ఎక్కినవాళ్ళు తిడుతున్నారు. ఓసారి నిండు చూలాలిని తీసుకెళ్తుంటే ఆ గడ్డ మీద బండి ఎగిరిపడింది. ఆ పిల్ల కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వెళ్ళి అడిగాను. నేనే అడిగాను. ఇలా అవుతుందని కలగన్నానా?"

"నెమ్మదిగా ఎక్కిస్తే బండి ఎగురుతుందా అన్నా?"

సీమో చేతిలోని ముక్కల వైపు చూశాడు.

"చెప్పు. నడిపేవాడివి నువ్వు, నాకేం తెలుసు. చూలాలు బండిలో ఉండగా స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదిగా పోతే, బండి ఎగురుతుందా?"

"ఎగరదు," అన్నాడు సీమో. ఆ మాట డెల్ఫాకి తప్ప ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

"అంటే నువ్వూ జోరుగానే పోయావు." డెల్ఫా అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "నేను ఇన్నాళ్ళూ అడ్డదారిన వచ్చే పరాయివాళ్ళని తిడుతున్నాను. మనవాళ్ళు ఏం చేశారు? ఇంకో బేరం తగులుతుందని నువ్వు జోరు. ఆ చివరింటి కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ఆడపిల్లలు చూడాలని జోరు. చేపల లారీవాడు ఐసు కరిగిపోతుందని జోరు. ఒక్కరంటే ఒక్కరు ఈ వీధిలో మెల్లగా పోయారా? పొయ్యి దగ్గర కూర్చున్న మా అక్క ఒక్కతే మెల్లగా ఉంది. దాన్ని చంపేశారు."

చివరింటి కుర్రాళ్ళ తల్లి జపమాల వైపే చూస్తూ కూర్చుంది.

సీమో చేతిలో ముక్కలు బల్ల మీద పడేశాడు. "ఇసుక మా బావ దగ్గర ఉంది. సిమెంటు నేను తెస్తాను. తీయించింది నేను కాబట్టి వేసేదీ నేనే. ఇవాళే వేస్తాను. పొద్దు గూకేలోపల."

"వేసి చూడు!" కెప్టెన్ కుర్చీలోంచి లేచాడు. "అనుమతి లేకుండా రోడ్డు ముట్టుకుంటే కేసు పెడతాను. నీ బండి లైసెన్సు కూడా పోతుంది."

"పోనీయండి కెప్టెన్. నడిచిపోతాను."

పేకాట బల్ల దగ్గరి మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి సీమో పక్కకి వచ్చారు. ఎవెలియో మెడ నరాలు ఉబ్బాయి. ఓట్లు అడగడానికి వచ్చినప్పుడు తప్ప ఈ వీధిలో ఇంతమంది తనకెదురుగా నిలబడ్డం అతను ఎప్పుడూ చూడలేదు. గభాల్న జోరలిన్ వైపు తిరిగాడు.

"అమ్మా జోరలిన్, నువ్వు చదువుకున్నదానివి. రేపు సమాధి చేసేస్తామని ఫాదరుతో చెప్పావుగా? ఆయనే నాకు ఫోన్ చేశాడు. కన్నకూతురివి నువ్వు. చెల్లెలికి ఏం హక్కుంది? నువ్వు ఊ అను, మావాళ్ళు ఇప్పుడే టెంటు విప్పుతారు. మీ అమ్మని పద్ధతిగా ఇంట్లో పెట్టుకుందువు గాని."

డెల్ఫా కళ్ళు మూసుకుంది. ఇక అయిపోయిందనుకుంది. పిల్ల అడిగిందీ అదే కదా.

జోరలిన్ పేటిక దగ్గరికి వెళ్ళి, గాజు మీద పడ్డ బియ్యపు గింజలను అరచేత్తో పక్కకి తోసింది. తల్లి ముఖం చూసింది.

"నేను చెప్పింది మా పిన్నికి," అంది తలెత్తి. "మేం మేం తిట్టుకుంటాం, కొట్టుకుంటాం. మధ్యలో మీరెవరు?"

"అది కాదమ్మా..."

"రేపు పొద్దునే తీసుకెళ్తాం. అందులో మార్పు లేదు పిన్నీ, నువ్వు కూడా విను." సీమో వైపు తిరిగింది. "కానీ సీమో మామ పోసే సిమెంటు రేపటిదాకా ఆరాలి. అందాకా దాని మీదికి బండి రాకూడదు. అందాకా మా అమ్మ ఇక్కడే ఉంటుంది. టెంటు మీద చెయ్యేస్తే ఊరుకోను."

డెల్ఫా ఆ పిల్ల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ నిలబడ్డ తీరు, నడుము మీద చెయ్యి, కింది పెదవి పంటి కింద నొక్కిపట్టడం, అచ్చం ఇసింగే. ఇన్ని రోజులూ రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. తుడుచుకోలేదు. వెళ్ళి జోరలిన్ చెయ్యి పట్టుకుంది.

"సరే. రేపు పొద్దున," అంది.

కెప్టెన్‌కి ఇక ఓపిక నశించింది. అతను జేబులోంచి ఫోను తీశాడు.

"మర్యాదగా చెప్తే వినరు మీరు. ఒక్క ఫోను చేశానంటే బరంగాయ్ వ్యాన్ వస్తుంది. గుంజలకి తాడు కట్టి టెంటు మొత్తం లాగించి పారేస్తాను. ఏం చేస్తారో చేసుకోండి!"

"పిలువు," అంది డెల్ఫా. "పిలువు కెప్టెన్. వ్యాన్ రానీ. పేటిక మీంచి పోనివ్వు, ఒకసారి పోయింది చాలకపోతే."

ఎవెలియో బొటనవేలు ఫోను మీద ఆగిపోయింది.

బెదిరించినవాడు తన నోట్లోంచి వచ్చిన మాటను తానే విని బిత్తరపోయినట్టు ఉంది అతని ముఖం. డెల్ఫా ఆ ముఖాన్ని చూసింది.

బరంగాయ్ వ్యాన్. రోగులను తీసుకెళ్ళడానికని ఈ మధ్యనే వచ్చిన తెల్ల వ్యాన్. పక్కల మీద పేరు కూడా ఇంకా రాయించలేదు. రోజూ ఆఫీసు ముందు, ఎండలో తళతళలాడుతూ నిలబడి ఉండేది.

"ఆ వ్యాన్ ఏది కెప్టెన్?" అంది మెల్లగా. "మా అక్క పోయిన దగ్గర్నుంచి ఒక్కసారీ కనపడలేదేం?"

"రిపేరుకి పంపాం," అన్నాడు ఎవెలియో.

"మరి ఇప్పుడే పిలుస్తానన్నారు?" అన్నాడు సీమో.

"నోర్ముయ్!"

"ఏం రిపేరు కెప్టెన్?" జోరలిన్ ఒక అడుగు ముందుకేసింది. "కొత్త బండికి ఏం పోయింది?"

"ఇంజనో ఏదో... నాకేం తెలుసు, నేనేమన్నా మెకానిక్‌నా?" కెప్టెన్ ఫోను జేబులో పెట్టుకుని కాపలావాళ్ళ వైపు తిరిగాడు. "పదండి. వీళ్ళతో మాటలేంటి. పిడ్యోంగ్, పద!"

పిడ్యోంగ్ కదల్లేదు. టెంటు గుంజని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నెత్తి మీది టోపీ తీసి, ఇన్ని రోజుల్లో మొదటిసారి టెంటు నీడలోకి అడుగు పెట్టాడు. కుర్చీల మధ్య నుంచి తడబడుతూ నడిచి, పేటిక ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"పిడ్యోంగ్!" అని అరిచాడు కెప్టెన్. "లే అక్కడ్నుంచి!"

అతను లేవలేదు. డెల్ఫా వైపు ముఖం తిప్పాడు. ఆ ముఖం చూసి పక్క కుర్చీలోని ఆడమనిషి తన బిడ్డని ఒళ్ళోకి లాక్కుంది.

"డెల్ఫా అక్కా," అన్నాడు పిడ్యోంగ్. "ఆ రోజు ఆ వ్యాన్‌లో నేనున్నాను. ఆపమని అరిచాను కూడా. నడిపింది మాత్రం నేను కాదు."